అందరి ఫోన్లకూ మా తాత పేరే తాళం

మా ముత్తాత పారుపత్తెం సుబ్బరాయప్ప పెనుకొండ కోటలో కాపురముండి చుట్టుపక్కల పన్నెండు గ్రామాల తగువులు తీర్చినవాడు. మా తాత పారుపత్తెం నరసింగరావు వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా నాయన పారుపత్తెం శ్రీనివాసరావు కాలానికి లేచేవాళ్ళు తగ్గారు. నా పేరు పారుపత్తెం వెంకటరావు. ధర్మవరంలో మొదట టెలిఫోన్ బూత్, తర్వాత సెల్‌ఫోన్ల దుకాణం నడిపాను. నేను వస్తుంటే ఎవరూ లేవలేదు. దారికి అడ్డం వచ్చి ఫోను చేతిలో పెట్టి, "ఇదేందప్పా, ఊరికే స్టక్ అయితాండాది?" అని అడిగేవారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఫోను ఎలా విప్పాలో, బ్యాటరీ ఎలా మార్చాలో నేను చెప్పనక్కర్లేదు. వీడియోలు చూసి నాకంటే బాగా నేర్చుకుంటున్నారు. ఈ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. అది ఎందుకు తప్పో అర్థం కావాలంటే మా ఇంటి బోషాణం దగ్గర మొదలుపెట్టాలి.

బోషాణం

పెనుకొండలో మా ఇంటి లోపలి గదిలో టేకు బోషాణం ఉండేది. మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకునేంత పెద్దది, మూలలకు ఇత్తడి రేకులు. దాంట్లో మావంటూ ఏవీ ఉండేవి కావు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంట్లో పెట్టుకోవడానికి భయపడినవి, ఇంట్లోవాళ్ళకే తెలియకూడదనుకున్నవి గుడ్డలో మూటకట్టి తెచ్చి మా తాతకు ఇచ్చేవారు. భూమి కాగితాలో, తల్లి ఇచ్చిన నగో, పటాలంలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరమో, ఏదైనా కావచ్చు. ఆయన దేని మీదా పేరు రాసేవాడు కాదు. గుడ్డ రంగును బట్టి, ముడి వేసిన తీరును బట్టి ఎవరిదో గుర్తుపట్టేవాడు.

మూట సొంతదారు వస్తే తీసి ముందు పెట్టి, "ముడి చూసుకో" అనేవాడు. వాళ్ళు ముడి సరిగ్గా ఉందని తల ఊపాక, ఆయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. వాళ్ళు విప్పి, చూసుకుని, మళ్ళీ కట్టి "అయిందయ్యా" అనేదాకా తల తిప్పేవాడు కాదు.

ఒకసారి నేను, "తాతా, ఆ పచ్చ మూటలో ఏముండాది?" అని అడిగాను.

"మనింట్లో ఉండాది గానీ మనది కాదు" అన్నాడు. అడిగినందుకు ఆ పూటంతా నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు.

కోర్టు వ్యాజ్యాల్లో భూములు పోయాక మా నాయనకు బోషాణం అమ్మక తప్పలేదు. అమ్మేముందు మూటలన్నీ బయటికి తీసి, సైకిలుకు కట్టుకుని, ఎవరివి వాళ్ళకు ఇచ్చి వచ్చాడు. బుక్కపట్నం వెళ్ళాడు, చెన్నేకొత్తపల్లి వెళ్ళాడు, నల్లచెరువుదాకా బస్సు మీద వెళ్ళాడు. సొంతదారు చనిపోయిన చోట వారసులను పిలిచి, "ముడి చూసుకోండి" అని గోడవైపు తిరిగాడట. ఆ తర్వాతే బెంగుళూరు వ్యాపారి లారీ వచ్చింది. బోషాణం పోయాక గచ్చు మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా వాటిని కాలివేలితో తడిమి చూసేవాణ్ణి. ఇల్లు కూడా పోయి ఇన్నేళ్ళయినా ఆ గుంటల లోతు నా కాలికి గుర్తుంది.

ఫ్యాను

ధర్మవరం స్టేషన్ రోడ్డులో నా టెలిఫోన్ బూత్ ఉండేది. అద్దాల గది తలుపు వేసినా మాటలు బయటికి వినబడేవి. అందుకని నా కుర్చీ పక్కన ఒక పాత టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాను. దానికి గాలి తక్కువ, రొద ఎక్కువ. లోపల ఎవరైనా మాట మొదలుపెట్టగానే స్విచ్ వేసేవాణ్ణి.

"చలికాలంలో ఫ్యానేందప్పా? జరమొచ్చి పోతావు" అని నవ్వేవాళ్ళు. ఎలక్ట్రీషియన్ ఒకాయన జాలిపడి నూనె వేస్తానంటే వద్దన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

నా పనిలో నాకు బాగా నచ్చిన రోజులు అవే. జనం అద్దం వెనక ఏడ్చేవారు, నవ్వేవారు, పెళ్ళిచూపుల సంగతి చెప్పేవారు. బయటికి వచ్చాక నా మొహంలోకి ధైర్యంగా చూసేవారు. ఆ చూపు కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది.

హబీబ్ సాబ్

సెల్‌ఫోన్లు వచ్చి బూత్ ఖాళీ అయింది. నలభై దాటిన వయసులో హిందూపురం వెళ్ళి హబీబ్ సాబ్ దగ్గర రిపేరీ నేర్చుకున్నాను. ఆయన రేడియోల కాలం నుంచి బజారులో ఉన్నవాడు. ఇంటిపేరు చెబితే, "పారుపత్తెమా? అయితే కొంచెం నిటారుగా కూసుంటావు. వంగాల్సి వస్తాది, సోల్డరింగ్ కండ్లకు కనబడల్ల" అన్నాడు.

ఆయన దుకాణంలో ఫోను తెచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. తెర వాళ్ళవైపు ఉండాలి. కెమెరా పని చేస్తుందో లేదో చూడాలంటే ఇంటికప్పు ఫోటో తీసి, వాళ్ళ ముందే చెరిపేయాలి. పాత ఫోటోలవైపు వేలు పోకూడదు.

ఒకరోజు ఒకామె ఫోను బాగుచేస్తుంటే తెర మీద మెసేజ్ వచ్చింది. చదివాను. పెదవి కొంచెం కదిలి ఉంటుంది. ఆమె వెళ్ళాక హబీబ్ సాబ్ చేతిలో పని ఆపాడు.

"నవ్వినావు."

"లేదు సాబ్."

"నవ్వినావు. ఆయమ్మ చూసింది. దుడ్లు పోతే మళ్ళా సంపాదిస్తావు, మొగం పోతే యాడ తెస్తావప్పా? పో, బయట నిలబడుకో."

పారుపత్తెం నరసింగరావు మనవణ్ణి హిందూపురం బజారులో, ఎండలో, అరగంట నిలబడ్డాను. ఆ అరగంట ఎంత విలువైనదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"నువ్వే ఏదో ఒకటి పెట్టియప్పా"

తెర మీద వేలితో రాసే ఫోన్లు వచ్చాక ధర్మవరంలో సొంత దుకాణం పెట్టాను. కొత్త ఫోను తెరవాలంటే ఈమెయిల్ ఖాతా కావాలి, దానికి పాస్‌వర్డ్ కావాలి. నేతపని వాళ్ళు, గొర్రెలు మేపేవాళ్ళు, టీ అంగడివాళ్ళు, వీళ్ళకు ఈమెయిల్ ఎందుకు? "అదేందో నాకు తెల్దు, నువ్వే ఏదో ఒకటి పెట్టియప్పా" అనేవాళ్ళు.

ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా తెరవాలంటే పావుగంట పడుతుంది. బయట జనం నిలబడి ఉంటారు. దుకాణం పేరుతో నేను తెరిచిన ఖాతా ఒకటి ఉండేది. దాన్నే అందరి ఫోన్లలో పెట్టాను. ఫోను అడిగిన ప్రతిదానికీ "సరే" నొక్కాను. మీరు ఎక్కడున్నారో చూడవచ్చా? సరే. మీ గొంతు దాచుకోవచ్చా? సరే. ఫలానా యాప్ వేస్తే కమీషన్ ఇస్తామని కంపెనీల మనుషులు వస్తే అదీ వేశాను. ఇలా చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదని నాకు తెలుసు. చిన్న ఊళ్ళలో ఇప్పటికీ చేస్తున్నారు. చేస్తున్నవాళ్ళు ఈ వ్యాసం ఇక్కడ ఆపకుండా చదవాలి.

పాస్‌వర్డ్‌గా మా తాత పేరు పెట్టాను. ఇప్పుడా ఖాతా లేదు కాబట్టి చెబుతున్నాను. పని సులువు కావడం ఒక్కటే కారణమని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజం వేరు. ఇన్ని ఇళ్ళ తాళం మళ్ళీ మా ఇంటి పేరు మీద ఉందన్న ఆలోచన నాకు బాగుండేది. ఫోను పాస్‌వర్డ్ అడుగుతోందని వచ్చినవాళ్ళకు చేత్తో తెర కప్పి "నరసింగరావు" అని టైపు చేసి ఇస్తున్నప్పుడు, బోషాణం మళ్ళీ మా గదిలోకి వచ్చినట్టు ఉండేది.

అలా ఫోను తీసుకున్నవాళ్ళలో ఓబులేసు ఒకడు. బూత్ కాలం నుంచి తెలిసిన నేతగాడు. పట్టుచీరలు నేస్తాడు. అతనికి తెర మీద రాయడం రాదు, అందుకని ఏది కావాలన్నా ఫోనుతో మాట్లాడి అడిగేవాడు. అతనికి మగ్గానికి ఎక్కించే పడుగు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు నాగరాజప్ప. ఆయన ఫోనూ నా దుకాణానిదే, ఆ ఖాతానే.

గొర్రెల మందు

మొదటి సూచన నవ్వు తెప్పించింది. నాగరాజప్ప ఒకరోజు వచ్చి, "ఏమప్పా వెంకట్రావ్, నా ఫోన్లో పొద్దస్తమానం గొర్రెల మందు అడ్వర్టైజుమెంట్లు వస్తాండాయి. నాకు గొర్రెలు యాడుండాయప్పా?" అన్నాడు. అదే వారం చెన్నేకొత్తపల్లి గొర్రెలాయన వచ్చి, తన ఫోను పట్టుచీరలు కొనమని వెంటపడుతోందని చెప్పాడు. "మా ఇంటిది చూసి, ఎవతికి కొంటాండావు అని అడుగుతాది సామీ."

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒకే ఖాతా అయినందువల్ల ఫోను ఇద్దరినీ ఒకే మనిషి అనుకుంటోందని నాకు అప్పుడే తెలుసు. ఒకరు వెతికింది ఇంకొకరికి ప్రకటనగా వస్తుంది. తెలిసీ సరిచేయలేదు. సరిచేయాలంటే ఎన్ని ఫోన్లకు పెట్టానో ఒప్పుకోవాలి.

కొన్నాళ్ళకు షావుకారు మళ్ళీ వచ్చాడు. "గొర్రెలు పోయినాయప్పా. ఇప్పుడు నాకు చేతులు వణుకుతాండాయంటాది. లేస్తానే బెంగుళూరు ఆస్పత్రి, మధ్యాన్నం నరాల నూనె. యాడన్నా వణుకుతాండాయేమో చూడు" అని రెండు చేతులూ బల్ల మీద చాచాడు. రాయిలా నిలకడగా ఉన్నాయి.

నేను ఆ ఫోనుకు కొత్త ఖాతా పెట్టి పంపేసి ఉంటే సరిపోయేది. కానీ దుకాణంలో నలుగురు చూస్తున్నారు. నాకు తెలిసిన విద్య చూపించాలనిపించింది. "ఎందుకొస్తాండాయో ఇప్పుడే చూపిస్తా షావుకారూ" అన్నాను. ఆ ఖాతాలో ఎవరెవరు ఏమేం వెతికారో ఉండే చిట్టా తెరిచాను. ఒక వరుస పక్కన శబ్దం గుర్తు ఉంది. నొక్కాను.

"చేతులు వణుకుతాంటే నేత నేయొచ్చునా? మందేమన్నా ఉండాదా? ఎవురికీ తెలీకుండా నయమయితాదా?"

చివరి మాటకు గొంతు బాగా తగ్గింది.

"ఇది మన ఓబులేసు గొంతు కదప్పా" అన్నాడు షావుకారు.

షావుకారు బల్ల మీదికి వంగాడు.

"ఇంగొకసారి పెట్టు."

పెట్టాను.

మొదటిసారి తెలియక నొక్కానని చెప్పుకోవచ్చు. రెండోసారి అలా చెప్పుకోలేను. కొనేవాడు అడిగితే చూపించడం అంగడివాడి అలవాటు, అంతకుమించి కారణం లేదు. ఓబులేసు మూట ముడి నేనే విప్పాను, నలుగురిలో, బల్ల మీద.

పడుగు

పది రోజుల తర్వాత ఓబులేసే దుకాణానికి వచ్చాడు. "అన్నా, మగ్గం మీద పడుగు అయిపోయింది. షావుకారు కొత్తది ఇయ్యల్యా. రేపు, ఎల్లుండి అంటాండాడు. నువ్వు పెద్దింటోడివి, నీ మాటంటే వింటాడు. ఒక మాట చెప్పన్నా."

అతని కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది. "చెప్తాలే" అన్నాను. చెప్పాల్సిన అసలు మాట చెప్పలేదు.

ఆ పూటే నాగరాజప్ప అంగడికి వెళ్ళాను. "ఓబులేసు నేసిన చీరల్లో యాడన్నా తప్పుండాదా షావుకారూ?" అని అడిగాను.

"లేదు. అబద్ధం ఎందుకు చెప్పల్ల? పోయిన నెల చీర అద్దమట్ల ఉండాది."

"అట్లయితే పడుగియ్యండి."

"నువ్వు వినిపించకుంటే ఇస్తాంటి. తెలిసినాక తెలీనట్ల ఎట్లుండేది? జరీ చేతికిచ్చి రోజూ భయపడుకుంటా కూసునేదా? నీ ఫోనే కదప్పా చెప్పింది, నన్నెందుకు తప్పు పడతావు?"

ఆయన్ని చెడ్డవాడని నేను రాయను. ఆయన స్థానంలో చాలామంది అదే చేస్తారు. అందుకే తెలియకూడని సంగతి తెలియకుండా ఉండటమే అందరికీ క్షేమం. ఒకసారి తెలిశాక మంచివాడు కూడా దానికి లోబడే నడుస్తాడు.

ఓబులేసు ఇంటికి వెళ్ళడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ దుకాణం తెరిచేముందు కాసేపు బయటే నిలబడ్డాను, ఎండలో. నిలబెట్టడానికి హబీబ్ సాబ్ లేడు.

వెళ్ళేసరికి ఓబులేసు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. అతని భార్య లక్ష్మీదేవి పక్కన చాప మీద ఉంది. జరిగినదంతా చెప్పాను. ఒకే ఖాతా సంగతి, షావుకారు ఫోను సంగతి, గొంతు సంగతి. రెండుసార్లు వినిపించానని కూడా చెప్పాను.

ఓబులేసు గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. "ఈమెను అడగలేనిది దాన్ని అడిగితినన్నా. అది యంత్రం కదా, ఎవురికి చెప్తాది అనుకుంటి."

లక్ష్మీదేవి నావైపు తిరిగింది. "పోగు తెగినప్పుడంతా నేను అతికితి. ఈయప్ప చెయ్యి వణికితే నా చెయ్యి పెడితి. చీరలో కనబడకుండా ఏడాది దాస్తిమి. మీ తాత బోషాణం సంగతి ఊరంతా చెప్పుకుంటా తిరిగితివే. మా మూట బజార్లో పరిస్తివి కదన్నా."

"ఊరుకోవే" అన్నాడు ఓబులేసు.

"ఊరుకోవాల్సింది నేనా?" అంది ఆమె.

ఏం చేయమంటావని అతన్నే అడిగాను. పడుగు ఇప్పించలేను, విన్న చెవుల నుంచి ఆ మాట తీయలేను. అతను ఆలోచించి, "నా గొంతు తీసెయ్యి దాంట్లోనించి. తీసేముందు నన్నొకసారి విననీ" అన్నాడు.

అతని ఫోనులో ఆ చిట్టా తెరిచి, ఏది నొక్కాలో, ఏది నొక్కితే చెరిగిపోతుందో చూపించి, అతని చేతికిచ్చాను. గోడవైపు తిరిగి కూర్చున్నాను. గొంతు ఒకసారి వినిపించింది. ఆ తర్వాత లక్ష్మీదేవి ముక్కు చీదిన చప్పుడు. గోడకు కొట్టిన సున్నం పెచ్చులు లేచి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"అయిందన్నా" అన్నాడు ఓబులేసు.

మా తాత అలా కూర్చోవడం ఆరవ ఏట చూశాను, ఎందుకో అరవై దాటాక తెలిసింది.

కంపెనీవాళ్ళ దగ్గర ఇంకా ఏం మిగిలి ఉందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాణ్ణి నమ్మకండి.

ఎవరివి వాళ్ళకు

తర్వాతి నెలల్లో దుకాణం వారానికి మూడు రోజులు మూసి, స్కూటర్ మీద ఊళ్ళు తిరిగాను. బుక్కపట్నం వెళ్ళాను, చెన్నేకొత్తపల్లి వెళ్ళాను, నల్లచెరువుకు బస్సెక్కాను. ప్రతి ఇంట్లోనూ తప్పు నాదని చెప్పి, ఫోనుకు వేరే ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ వాళ్ళనే పెట్టుకోమన్నాను. పెట్టుకునేటప్పుడు గోడవైపు తిరిగాను. కొందరు తిట్టారు. కొందరు, "నువ్వుండావు కదప్పా, మాకెందుకీ గోల" అన్నారు. ఆ మాట ఒకప్పుడు నాకు పొగడ్తలా వినబడేది. గొర్రెలాయన మాత్రం, "ఇంగ చీరలు రావు కదా సామీ? మా ఇంటిది ఈమధ్యనే చూసి బాగుండాయంటాంది" అని బాధపడ్డాడు. అన్నీ అయ్యాక ఆ పాత ఖాతాను మూసేశాను. మా తాత పేరు చివరిసారి టైపు చేసింది అప్పుడే.

ఇప్పుడు దుకాణం పెట్టేవాళ్ళకు నాకు తెలిసింది ఇంతే. బయట ఎంతమంది నిలబడినా ఆ పావుగంట కూర్చోండి. ఎదుటివాళ్ళ తాళం మీ దగ్గర పెట్టుకోకండి, వాళ్ళే ఇచ్చినా సరే. ఫోను ఎందుకు అలా చేస్తోందో నలుగురిలో విప్పి చూపించాలని చేయి దురదపెడితే, లేచి బయటికి వెళ్ళి నిలబడండి.

దుకాణం నేను అమ్మేశాను. కొన్నాయన పాత గిరాకీల పేర్లు, నంబర్లు ఉన్న కంప్యూటర్ కూడా కావాలన్నాడు, దానికే ఎక్కువ ధర అన్నాడు. అది ఇవ్వలేదు. అద్దాల బల్లలు, రిపేరీ సామాన్లు, బోర్డు, రొద చేసే ఆ పాత ఫ్యాను ఇచ్చాను. పడుగు రాక ఓబులేసు మగ్గం అంతకుముందే అమ్ముడుపోయింది. చీర మీద బుటాలు ఎత్తే దాని జకార్డు పెట్టెను హిందూపురం నేతగాడు ఒకాయన కొన్నాడు. కర్రలను టీ అంగడివాళ్ళు పొయ్యిలోకి కొన్నారు.